నా ఎడమ పక్క చిల్లు లేదు

నేను ఒక పుర్రెను. ఉలిక్కిపడకండి, ఏ మనిషి మెడ మీదా ఉన్నదాన్ని కాదు. ప్లాస్టిక్ పుర్రెను. నాకు చావు లేదు గానీ పుట్టుక మాత్రం ఉంది. కలకత్తాలో ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో పుట్టాను. మూసలోంచి తీసి చల్లార్చాక, పుర్రె అడుగున ఉండాల్సిన చిల్లులన్నీ ఒకాయన డ్రిల్లు మిషనుతో పెట్టేవాడు. నా కుడి పక్క సవ్యంగా ముగించాడు. ఎడమ పక్క ఆఖరి చిన్న చిల్లు దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. ఆయన బీడీ ముట్టించుకుని బయటికెళ్లాడు. కరెంటొచ్చాక నన్ను వదిలేసి నా పక్కనున్నదాన్ని అందుకున్నాడు. నా కథంతా ఆ కరెంటు కోతలోనే ఉంది.

నన్ను కిర్గిజ్‌స్థాన్ తీసుకొచ్చింది మన తెలుగు ఏజెంటే. పిల్లలకు బిష్కెక్‌లో ఎంబీబీఎస్ సీట్లు ఇప్పించే వ్యాపారం ఆయనది. అక్కడొక కాలేజీవాళ్లకు నన్ను కానుకగా ఇచ్చి, నాతో కలిసి నవ్వుతూ ఫోటో దిగాడు. నా అడుగు భాగం తిప్పి చూసిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు. నాకింత తెలుగెలా వచ్చిందంటారా? ఏటేటా నన్ను ఒళ్లో పెట్టుకుని ముక్కు చీదిన పిల్లల్లో సగం మంది మనవాళ్లే.

వాళ్లను తప్పు పట్టను. ఇంటర్ దాటి వచ్చిన పిల్లలు. బయట మోకాలి లోతు మంచు. తెల్లకోటు, తెల్లటోపీ రెండూ లేకపోతే క్లాసులోకి అడుగు పెట్టనివ్వరు. పొద్దున అనాటమీ, మధ్యాహ్నం రష్యన్ భాష, సాయంత్రం బట్టల బీరువాలో దాచిన రైస్ కుక్కర్‌లో హాస్టల్ వార్డెన్ కంట పడకుండా అన్నం. నోరు తిరగని లాటిన్ పేర్లు వందల కొద్దీ. ప్రతి క్లాసులోనూ నిలబెట్టి అడుగుతారు. అయిదుకు అయిదు వస్తే బంగారం, రెండు వస్తే తప్పినట్టు. తప్పిన పాఠాన్ని మళ్లీ ఒంటరిగా వెళ్లి అప్పజెప్పాలి. అక్కడా తప్పితే ఏడాది చివరి పరీక్షకు రానివ్వరు, అంటే ఏడాది నీళ్లపాలు.

అందుకని బట్టీ పట్టేవాళ్లు. కళ్లు మూసుకుని ఊగిపోతూ పాట పాడినట్టు అప్పజెప్పేవాళ్లు. నోరు పాడుతుంటే పెన్సిలు నా మీద దరువేసేది. ఎడమ పక్క ఏ చిల్లూ లేని చోట కూడా టక్కున ఆని, "ఫోరామెన్ స్పైనోసం, మెదడు పొరకు వెళ్లే ధమని దీన్లోంచి పోతుంది" అనేవాళ్లు. అనాటమీ చెప్పే నూర్‌గుల్ మేడం తల ఊపేవారు. ఆవిడా పాటే వింటున్నారు గానీ నన్ను చూడటం లేదు. "లేదర్రా, అక్కడ లేదు!" అని నేను ఏళ్ల తరబడి మొత్తుకున్నాను. దవడకు స్ప్రింగు పెట్టారు గానీ నాలుక పెట్టలేదు కదా.

ఆ ఏడు మానుకోట నుంచి రవళి వచ్చింది. ఆ పిల్లకు బట్టీ రాదు. ఇంటర్లో ఆ ఒక్క కారణానికే ఆఖరి సెక్షన్‌లో పడేశారట. చేత్తో తడిమితే తప్ప ఏదీ బుర్రకెక్కదు. ఒక శనివారం గుర్తింపు కార్డు కుదువ పెట్టి నన్ను హాస్టల్‌కు తీసుకెళ్లింది. గదిలో తోడుండేది చీరాల పిల్ల బ్లెస్సీ. రవళి ఊళ్లో బొక్కంటే ఎముక, బ్లెస్సీ ఊళ్లో బొక్కంటే చిల్లు. ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని కాసేపు నవ్వుకున్నారు. నన్ను చూసి నవ్విన మొదటి మనుషులు వాళ్లే.

ఆదివారం మధ్యాహ్నం రవళి ఎర్ర దారం తీసింది. కొస తడిపి, మెలిపెట్టి, ఒక్కో చిల్లులోంచి పోనిచ్చి, ఎక్కడ తేలుతుందో చూస్తూ పేరు చెప్పుకుంది. కుడి పక్క అన్నీ దూరాయి. ఎడమ పక్క ఆఖరి చోట దారం ముడుచుకుపోయింది. దుమ్మనుకుని ఊదింది, అగ్గిపుల్లతో గీకింది.

"బ్లెస్సీ, ఈడ లేదే."

"యాడుందో యాడ లేదో నీకెందుకే? అందరం ఉందనే చెప్తన్నాం గదా. నువ్వూ ఉందను. నలుగురితో నారాయణ."

"లేనిది ఉన్నదని ఎట్ల చెప్పాలె? నా ఏలు లేదంటున్నది."

నాకు నిజమైన కళ్లుంటే ఆ క్షణాన నీళ్లు తిరిగేవి.

మంగళవారం క్లాసులో మేడం నన్నే చేతికిచ్చి, ఎడమ పక్క చెప్పమన్నారు. రవళి ఒక్కోటీ చూపించి చెప్పింది. ఓవాలే అనే పెద్ద చిల్లు దాకా వచ్చి ఆగింది. "దీని పక్కన స్పైనోసం ఉండాలి మేడం. ఈ పుర్రెకు లేదు."

"పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉంది మేడం. దీనికి లేదు."

మేడంకు చెవులు ఎర్రబడ్డాయి. పాఠం చదవకుండా వచ్చి వాదనకు దిగిందనుకున్నారు. రెండు వేశారు. బయటికి రాగానే తోటిపిల్లలు చుట్టుముట్టారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకమన్నారు. గురువారం మళ్లీ అప్పజెప్పడానికి వెళ్లి ఉందని ఒక్క ముక్క చెప్పెయ్, ఏడాది మిగులుతుందన్నారు. బాగుంది. కానీ కుందేలుకు నిజంగానే మూడు కాళ్లుంటే? ఆ కుందేలును నేనేనయ్యా!

రవళికి భయం లేదని కాదు. ఆ రాత్రి చపాతీ పిండిని కుమ్మిన కుమ్ముడుకు బల్ల కదిలిందని బ్లెస్సీ తర్వాత అందరికీ చెప్పింది. "నీ కాళ్లు పట్టుకుంటా, ఉందనెయ్యే" అని బతిమాలిందట కూడా. రవళి ఇంకో ముద్ద అందుకుందట.

గురువారం గదిలో మేడం, రవళి, నేను. మేడం పెన్సిలు ఎడమ పక్కే ఆన్చారు. రవళి వాదించలేదు. కోటు జేబులోంచి ఎర్ర దారం తీసి, కుడి పక్క చిల్లులోంచి పోనిచ్చి చూపించింది. తర్వాత అదే దారాన్ని మేడం చేతికిచ్చింది.

"ఎడమ పక్క మీరే పెట్టండి మేడం."

మేడం కళ్లజోడు పెట్టుకుని నన్ను తిప్పి పట్టుకున్నారు. దారం గుచ్చారు, మళ్లీ గుచ్చారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో గుచ్చారు. ఆ కాలేజీలో ఎప్పుడో చేరినా, ఆవిడ చేతిలోకి ఆ రోజే వచ్చినట్టనిపించింది నాకు.

క్షమాపణ చెబుతారనుకున్నారా? పంతుళ్ల సంగతి మీకు తెలియదు. కుర్చీలో కూర్చుని ఇంకో ప్రశ్న వేశారు.

"సరే, లేదు. నిజం మనిషిలోనే ఇలా ఉంటే, ఆ ధమని లోపలికి ఎలా పోవాలి?"

ఇది వాళ్ల పాఠంలో లేదు. రవళి నన్ను ఒళ్లో పెట్టుకుని చూపుడువేలితో తడిమింది. వేలు పక్కనున్న ఓవాలే దగ్గర ఆగింది.

"ఇందులోంచే పోవాలి మేడం. పక్కనే ఉంది, వెడల్పుగా ఉంది. ఇందులో ఉన్న నరంతో పాటే సర్దుకుని పోతుంది."

మేడం నాలుగు వేశారు. అయిదెందుకు కాదన్నట్టు చూసిన రవళితో, "ఈ దారం మంగళవారమే తెచ్చి ఉంటే అయిదు వేసేదాన్ని" అన్నారు.

వరండాలో బ్లెస్సీ కావలించుకోగానే రవళి తెలుగులో కక్కేసింది. "మంగళవారం తెస్తె మాత్రం మేడం ఇంటుండెనా? అప్పుడు గుస్స మీదున్నది గదా!"

నన్ను చెత్తలో పారేయాలని విభాగం పెద్దాయన అన్నాడు. తయారీ లోపమట. ల్యాబు మనిషి డ్రిల్లు పట్టుకొచ్చి, క్షణంలో చిల్లు పెట్టేస్తానన్నాడు. కలకత్తా గుర్తొచ్చి నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు లేనిదాన్ని ఉందన్నారు, ఇప్పుడు మీ మాట నిలబెట్టుకోవడానికి నన్ను పొడుస్తారా? నూర్‌గుల్ మేడం "వద్దు" అన్నారు. మిగతావాళ్లకు కారణం కూడా చెప్పలేదు.

సెప్టెంబరులో కొత్త పిల్లలొచ్చారు. మొదట లేచినవాడు కళ్లు మూసుకుని రైలులా పోతున్నాడు. నా ఎడమ పక్క ఏమీ లేని చోట పెన్సిలు ఆన్చి "స్పైనోసం" అన్నాడు. మేడం తల ఊపలేదు. సొరుగులోంచి ఎర్ర దారం తీసి వాడి చేతిలో పెట్టారు.

"చూపించు."

వాడు కళ్లు తెరిచి, నన్ను తిప్పి చూశాడు.