కెజియా పాదం

ఆ రోజు ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం. పొద్దున తిన్నది దోసెలు, ముందురోజు మిగిలిన చేపల పులుసు. కెజియాకు మాత్రం పులుసు లేదు. ఉప్పు తగిలితే కాళ్లు ఇంకా పొంగుతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె దోసెను మజ్జిగలో ముంచుకుని తింటూ, భర్త పళ్లెం వైపు చూడనట్టే చూస్తూ మంచం మీద కూర్చుంది.

"ఒక్క ముక్క," అంది చివరికి.

జడ్సన్ పులుసులోంచి మామిడికాయ ముక్క తీసి, రసం పళ్లెం అంచుకు విదిల్చి, ఆమె దోసె పక్కన పెట్టాడు. ఆమె దాన్ని నమలకుండా చాలాసేపు బుగ్గన పెట్టుకుంది. ఆ ముక్క ఇచ్చినందుకు తరువాతి రోజుల్లో అతను ఎన్నోసార్లు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

చేతులు కడుక్కుని, ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులోకి వచ్చి, నిన్న ఎక్కడ వదిలాడో అక్కడే మళ్లీ వంగాడు. నాయుడుపేటలో ఒకప్పుడు లారీలన్నీ ఆ షెడ్డు ముందునుంచే పోయేవి. ఊరి బయటగా పెద్ద రోడ్డు పడ్డాక రద్దీ అటు మళ్లింది. కొత్త కార్లకు కంప్యూటరు తగిలించి చూసే దుకాణాలు వచ్చాయి. జడ్సన్‌కు మిగిలినవి పాత అంబాసిడర్లు, పాత ఫియట్లు, వాటిని అమ్ముకోలేని మనుషులు. అతను దాన్ని లోటని అనుకోలేదు. పని తక్కువైన ఆ ఏళ్లలోనే మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చుని అన్నం తినడం అలవాటైంది.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది రెండే సీట్ల పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు. ఎర్ర రంగు వెలిసి ఇటుక రంగుకు దిగింది. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే హజరత్తయ్య మద్రాసులో చూసి మోజుపడి కొన్నాడు. ఊరికే నిలబెట్టి ఉంచితే ఇంజను బాగానే ఆడేది. సగం యాక్సిలరేటరు తొక్కేసరికి మెట్లెక్కిన ముసలివాడిలా ఆయాసపడి, సైలెన్సరులో పటపటమని పేలేది. కాసేపటికే వేడెక్కి నీళ్లు కక్కేది.

సిలిండర్లకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరులోనే రోగం ఉందని జడ్సన్ నమ్మకం. పాయింట్లు మార్చాడు. కండెన్సరు మార్చాడు. మూత కొత్తది తెప్పించాడు. ఇరుసు ఊగుతుంటే బుష్ వేశాడు. ఆ తరువాత నిప్పు పడే క్షణాన్ని చూపే టైమింగు లైటు పట్టుకుని, ఇంజను ముందు తిరిగే పుల్లీ చక్రం మీది గీత సూచికకు సరిగ్గా ఎదురొచ్చేట్టు డిస్ట్రిబ్యూటరును తిప్పి బిగించాడు. గీత కుదిరింది. ఆయాసం పోలేదు.

సగం వేగం దగ్గర ఇంజనును పట్టి ఉంచి చూడాలంటే ఇంకో మనిషి కావాలి. డిస్ట్రిబ్యూటరు తిప్పినప్పుడు వేగం మారితే, అది తిప్పినందుకు మారిందా, తొక్కిన కాలు కదిలినందుకు మారిందా తెలియాలి. చెక్కముక్క అడ్డం పెడితే ఇంజను వణుకుకు జారిపోయేది. పక్కన టీ కొట్టు చెంగయ్యను పిలిచి కూర్చోబెడితే అతని కాలు ఒకచోట నిలిచేది కాదు.

అంతకుముందు వారం కిటికీలోంచి అదంతా వింటూ కెజియా అంది: "చెంగయ్యా, అది కారు, కల్లంలో ఎద్దు గాదు. అట్ట అదమాకు."

"మిషను తొక్కే కాలు నాకు యాడ్నించి వస్తదక్కా," అన్నాడు చెంగయ్య. "రేపట్నించి నేనూ జాకెట్లు కుడతాలే."

"నువ్వు కుట్టిన జాకెట్టు ఎవరేసుకుంటార్రా నాయనా."

చెంగయ్య అన్న మిషను కాలు మాట నిజమే. పెళ్లయి వచ్చిన ఏడాదినుంచి ఆమె ఆ కిటికీ కింద కుట్టుమిషను తొక్కింది. సూది ఎంత నెమ్మదిగా నడవాలంటే అంత నెమ్మదిగా నడిపించే పాదం ఆమెది. కారు నడపడం రాదు. గేర్లు ఎన్నో తెలియదు. కానీ జడ్సన్ బానెట్ కిందినుంచి "కెజియా" అని పిలిస్తే, నోట్లో దారం ముక్కతోనే వచ్చి సీట్లో కూర్చునేది. "పట్టుకో" అంటే పట్టుకునేది. అతను వదిలెయ్యమనేదాకా ఇంజను ఒకే మాట మీద ఉండేది. పిల్లలు లేని ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఎక్కువగా మాట్లాడుకున్నది అట్లాగే, ఆమె లోపల, అతను బానెట్ కింద.

గుండె పెద్దదై ఒంటికి నీరు పట్టాక మిషను ఆగిపోయింది. మంచం దిగనివ్వద్దన్నాడు డాక్టరు. ఆమె దిగలేదు.

ఆ పొద్దున ఇంజను మళ్లీ ఆయాసపడి ఆగిపోయాక, కిటికీలోంచి ఆమె గొంతు వినిపించింది.

"నన్ను తీసకపోయి ఆ కార్లో కూచోబెట్టయ్యా."

"ఊరుకో."

"నెలనుంచి ఊరుకునే ఉండా. దాని ఏడుపు వినలేక చస్తన్నా."

"డాక్టరు ఏం జెప్పినాడో మర్చిపోయినావా?"

"మంచం మీద పడుకుని మాత్రం ఏం జేస్తన్నా? నా ఊపిరి నేనే వింటా పడుండా." కిటికీ ఊచ పట్టుకుని అంది, "ఒక్కసారి. పనైపోంగానే మళ్లీ పండుకుంటా."

జడ్సన్ చేతిలోని స్పానరును గుడ్డతో తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. మళ్లీ తుడిచాడు. లేపితే ఆమెకు ఏమవుతుందోనన్న భయం అతనికి ఉంది. లేపకపోతే ఆ కిటికీ దగ్గర ఆమె కళ్లు ఎట్లా ఉంటాయో నెల రోజులుగా చూస్తున్నాడు. చివరికి స్పానరు పక్కన పెట్టి లోపలికి వెళ్లాడు.

ఎత్తుకుంటే ఒంట్లో బరువు లేదు. ఉన్న బరువంతా పాదాల్లోకి దిగిపోయినట్టుంది. సీటు నేలకు జానెడు ఎత్తులోనే ఉందేమో, దించుతుంటే ఆమెకు నవ్వొచ్చింది.

"ఏందయ్యా ఇది, రోడ్డు మీదే కూచున్నట్టుండాది. దీన్ని మోజుపడి కొన్నాడా ఆయన?"

"మాట్లాడమాక. ఆయాసం వస్తది."

మడమ కింద ఇనుప రేకు తగులుతుందని, అతను భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి అక్కడ వేశాడు. ఆమె పాదం పెడలు మీద పెట్టింది. వాచిన చర్మం మెరుస్తోంది. వేళ్లు ఒకసారి కదిలి, చోటు చూసుకుని, కుదురుకున్నాయి. సముద్రం వైపునుంచి గాలి తిరిగింది. షెడ్డులో పొగ నిలవకుండా పోతోంది. అంతమాత్రానికే అతనికి కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంజను అందుకుంది. ఆమె తొక్కింది. సగం దగ్గర నిలిపింది. ఇంజను ఆయాసపడుతూనే నిలిచింది, పేలుతూనే నిలిచింది. కానీ వేగం మారలేదు.

జడ్సన్ టైమింగు లైటు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ లైటు పక్కన పెట్టు," అంది ఆమె. "నెలనుంచి దాని మాటే వింటివి గదా. ఊరికే తిప్పు."

అతను బిగింపు వదులు చేసి, డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి తిప్పాడు. గీతను దాటించి తిప్పడం అతనికి చేతులు రాని పని. గీత పెట్టినవాళ్లు ఊరికే పెట్టరని నేర్చుకున్నవాడు. ఇంజను గొంతు కొంచెం విచ్చుకుంది.

"ఇంకొంచెం," అంది కెజియా.

మళ్లీ తిప్పాడు. పేలడం తగ్గింది.

"ఇంకా. ఇంకా. ఆఁ, ఎక్కువైంది. ఎనక్కి. ఆడ."

ఆడ ఆగింది. పటపటలు పోయాయి. షెడ్డు రేకులు వణకడం మానేశాయి. ఇంజను ఒకే దారంలా సాగింది. అతను నట్టు బిగించి, అప్పుడు లైటు వేసి చూశాడు. గీత సూచికకు ఎక్కడో దూరంగా తిరుగుతోంది. వంగి పుల్లీని తడిమి చూస్తే అర్థమైంది. పుల్లీ బయటి చుట్టుకు, లోపలి ఇరుసుకు మధ్య ఉండే రబ్బరు చచ్చిపోయింది. బయటి చుట్టు జారి పక్కకు తిరిగింది. గీత దాంతోపాటే పోయింది. ఎక్కడికో పోయిన గీతను నెల రోజులు నమ్ముకున్నాడు.

అతనికి నవ్వొచ్చింది. తల ఎత్తకుండానే బానెట్ కిందినుంచి చెప్పాడు. "మే, ఇన్నావా? డిస్ట్రిబ్యూటరుది ఏం తప్పు లేదు. గీతే జారిపోయుండాది. ఉత్తపుణ్యానికి దాన్ని ఎన్నిసార్లు విప్పినానో చూడు."

ఇంజను వేగం తగ్గడం మొదలైంది. ఒక్కసారిగా కాదు. కుట్టు చివరకు వచ్చినప్పుడు మిషనును నెమ్మది చేసినట్టు, కొంచెం కొంచెంగా దిగి, అట్టడుగున నిలిచింది. వినింది, అందుకే వదిలిందని అతను అనుకున్నాడు. ఇంజను ఆగిపోలేదు. తడబడకుండా మెత్తగా ఆడుతోంది.

"హజరత్తయ్య సాయంత్రం వస్తాడు," అన్నాడు. "నిన్ను ఒక చుట్టు తిప్పినాకే ఇస్తానని చెప్తా. సూళ్లూరుపేట రోడ్డు దాకా పోదాం. ఏం?"

లేచి, చేతులు తుడుచుకుంటూ, తలుపు దగ్గరికి వచ్చాడు.

ఆమె తల సీటుకు ఆని ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, ఏదో చెప్పబోయి తరువాత చెబుదామని ఊరుకున్నట్టుంది. పాదం పెడలు మీదినుంచి పక్కకు జారి ఉంది.

అతను ఆమె మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. తన చేతికి నూనె అని గుర్తొచ్చి, మణికట్టు వెనకవైపుతో ఆమె చెంప తాకాడు. ఆ తరువాత అటువైపు తిరిగి వెళ్లి, పక్క సీట్లో కూర్చున్నాడు. ఎన్నో కార్లలో ఆమెను కూర్చోబెట్టాడు. పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇంజను ఆడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి అతనికి చేయి రాలేదు.

చెంగయ్య టీ తెచ్చాడు. ఇంజను విని గుమ్మంలోనే నవ్వాడు. "దొరికిందా అన్నా?"

"దొరికింది," అన్నాడు జడ్సన్.

చెంగయ్య ఇంకో రెండడుగులు వేసి ఆగాడు. గ్లాసులు మెల్లగా కింద పెట్టాడు.

"ఆ తాళం నువ్వు తిప్పు చెంగయ్యా," అన్నాడు జడ్సన్. "నావల్ల కావడంలా."

చెంగయ్య వంగి, ఆమె మోకాలు తాకకుండా చేయి చాచి, తాళం తిప్పాడు.

సాయంత్రం హజరత్తయ్య వచ్చాడు. జనాన్ని చూసి, చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్లి, ఆమె కాళ్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. కారు వైపు కన్నెత్తి చూడలేదు. "తొందరేం లేదన్నా, ఉండనీ," అని జడ్సన్ చేయి పట్టుకుని, బస్సుకు వెళ్లిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు చర్చి సంఘంవాళ్లు వచ్చి చాపల మీద కూర్చుని, ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టకుండా సన్నగా పాడుతున్నారు. వచ్చినవాళ్లకు బల్ల వెయ్యాలని జడ్సన్ షెడ్డులోకి వచ్చాడు. చెంగయ్య అప్పటికే పనిముట్లు సర్దుతున్నాడు. బానెట్ దించాడు. ఆమెను ఎత్తుకెళ్లినప్పటినుంచి కారు తలుపు తెరిచే ఉంది. చెంగయ్య తువ్వాలు తీద్దామని లోపలికి వంగాడు.

"ఉండనీ," అన్నాడు జడ్సన్.

కుంగిన తలుపును కాస్త పైకెత్తి, అరచేత్తో నెట్టి, చప్పుడు కాకుండా మూశాడు. చెంగయ్య బల్ల ఎత్తుకుని ముందు నడిచాడు. పొట్టి తలుపు మీదుగా చూస్తే, పెడలు కింద మడతపెట్టిన తువ్వాలు కనబడుతోంది. మధ్యలో, మడమ ఆనిన మేరకు, అది ఇంకా లోతుగానే ఉంది.