తోకచుక్క తోక తెగిన మధ్యాహ్నం

ఆఫీసులో ఆమెను అందరూ "బహుశా" అని పిలిచేవాళ్ళు. సూర్యుడి మీద పేలుడు జరిగితే ఆ తుఫాను ఏ గ్రహం మీదికి పోతుందో, ఎప్పటికి చేరుతుందో ముందుగా చెప్పడం ఆమె ఉద్యోగం. చెప్పేది బహుశాతో మొదలై, చెప్పలేంతో ముగిసేది. తప్పు చెప్పడమంటే ఆమెకు అంత భయం లేదు. ఒప్పు చెప్పడమంటేనే భయం. ఒకసారి ఒప్పు చెబితే జనం మళ్ళీ వచ్చి అడుగుతారు. అప్పుడు తప్పించుకోవడానికి సందు ఉండదు. ఈ సంగతి ఆమె తన దగ్గర కూడా సగమే ఒప్పుకుంది.

ఆ రోజు భూమికి ఏ దిగులూ లేదు. తుఫాను కుజుడి దిక్కుగా బయలుదేరింది. పై అధికారి తలుపులోంచి తొంగిచూసి, "పక్క వీధిలో వాన, మనకెందుకమ్మా గొడుగు" అని చల్లగా వెళ్ళిపోయాడు. కానీ కుజుడి చుట్టూ తిరిగే నౌకలో ఒక కెమెరా ఉంది. దాన్ని ఎదురు భవనంలో కూర్చుని నడిపేది ఆమె అక్క మొగుడు. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మరదలా, ఈ సాయంత్రం కుజుడి రెండు చందమామల్లో దగ్గరిది మా కెమెరా ముక్కు కిందకి వస్తోంది. మళ్ళీ ఇంత దగ్గరగా రావాలంటే నేను రిటైరై మూల కూర్చుంటాను. తుఫాను ముందొస్తుందా, చందమామ ముందొస్తుందా?"

"కంప్యూటర్ లెక్క ప్రకారం తుఫానే ముందు బావా. బహుశా."

"నీ బహుశాలన్నీ పోగేసుంటే మీ అక్కకి రెండంతస్తుల ఇల్లు కట్టించేవాణ్ణి. చూడమ్మా, తుఫాను తగిలినప్పుడు కెమెరా నడుస్తూ ఉంటే దాని కన్ను పోతుంది. ముందే ఆపేస్తే బొమ్మ పోతుంది. ఏది పోగొట్టుకోమంటావో చెప్పు చాలు. మధ్యాహ్నం దాటితే నౌకకి కబురు పంపే వీలుండదు."

ఆమె తెర ముందు కూర్చుంది. సూర్యుడికీ కుజుడికీ మధ్య, తుఫాను దారిలోనే, ఒక బక్క తోకచుక్క పోతోంది. ఎవరికీ పట్టని దాన్ని ఆమె మాత్రం కొన్నాళ్ళుగా ఊరికే చూస్తూ ఉండేది. డాబా మీద ఆరేసిన బట్ట గాలి ఎటు వీస్తోందో చెప్పినట్టు, దాని తోక సూర్యుడి గాలి సంగతి చెబుతుంది. పెద్ద తుఫాను తగిలితే తోక పుటుక్కున తెగిపోతుంది. లెక్క ప్రకారం తెల్లవారేలోపే తుఫాను అక్కడికి చేరి ఉండాలి.

తోక నిక్షేపంలా ఉంది.

ఫొటో పాతదేమో అనుకుంది. కాదు, ఇప్పుడొచ్చిందే. తోకచుక్క దారి తప్పిందేమో అనుకుని గీతలు మళ్ళీ గీసి చూసింది. దారిలోనే ఉంది. కంప్యూటర్ లెక్కే తప్పేమో అన్న మూడో ఆలోచన తలెత్తేలోపే లేచి వెళ్ళి నీళ్ళు తాగింది. మొదటి రెండూ ఎవరికైనా తట్టేవే. మూడోది తనది, అందుకే దానికి ఎదురుపడలేకపోయింది.

తిరిగొచ్చేసరికి బావ ఆమె కుర్చీ పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఒళ్ళో అక్క పంపిన క్యారేజీ.

"తినకుండా ఆలోచిస్తే బుర్రకి గాలి పడుతుందిట. మీ అక్క చెప్పమంది."

"అక్క అలా అనదు."

"సరే, నేనే అన్నాను. తిను."

ఆమె తింటూ తెర వైపే చూస్తోంది. కొత్త ఫొటో దిగింది. తోక నడిమధ్య నొక్కు పడింది. ఆ తరవాతి దాంట్లో ముక్క విడిపోయి, తెగిన గాలిపటంలా వెనక్కి కొట్టుకుపోతోంది. ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత.

"అయ్యో పాపం, చచ్చిందా?" అన్నాడు బావ.

"దానికేం కాదు, కొత్త తోక మొలుస్తుంది. బావా, తుఫాను కంప్యూటర్ అనుకున్నంత జోరు మీద లేదు. ఇప్పుడే తోకచుక్కని దాటింది. కుజుణ్ణి చేరేసరికి బాగా పొద్దుపోతుంది, చందమామే ముందు. నువ్వు చందమామ బొమ్మ తీసుకో. తీసిన మరుక్షణం కెమెరా మూసుకునేలా ఇప్పుడే కబురు పంపు, ఇంకొక్కటి అని ఆశపడకు."

ఏదో వేళాకోళం బావ నోటిదాకా వచ్చినట్టుంది, మింగేశాడు. క్యారేజీ అక్కడే వదిలేసి మెట్ల వైపు పరుగెత్తాడు.

చెప్పేశాక ఒళ్ళు తేలికపడుతుందనుకుంది. పడలేదు. తనని తానే పరాయి మనిషిని చూసినట్టు చూసుకుంది. లోపల భయం పాలు తక్కువ. ఎవరో వెనకనుంచి తోస్తే నీళ్ళలో పడి, తీరా చూస్తే ఈత వచ్చని తెలిసినవాళ్ళ హుషారు ఎక్కువ. మిగిలిన అన్నం మెతుకు లేకుండా తినేసింది.

సాయంత్రం ఆమె ఎదురు భవనానికి వెళ్ళేసరికి గదినిండా మనుషులు. తెర మీద చందమామ, ఎవరో కొరికి వదిలేసిన బంగాళాదుంపలా గుంటలు పడి, ఒంటినిండా గీరలతో, అంత వికారంగానూ అంత ముద్దుగానూ ఉంది. కెమెరా మూసుకుందని నౌకనుంచి కబురు వచ్చింది. ఆ తరవాత చాలాసేపు ఏమీ జరగలేదు. ఒకరిద్దరు ఆవలించారు. అప్పుడు నౌకలో తుఫాను రేణువులను లెక్కపెట్టే పరికరం గీత ఒక్క ఉదుటున పైకి లేచింది.

"వచ్చింది. మన కెమెరా పిల్ల కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోతోంది" అని బావ కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

గదినిండా చప్పట్లు మోగాయి. అవి విని ఆమె పై అధికారి కూడా తన భవనం దిగి వచ్చాడు. "ఇంతకీ ఆ తుఫాను ఇక్కణ్ణుంచి ఎటు పోతుందమ్మా?"

"గురుగ్రహం అటే ఉందండీ. దానికి తగులుతుంది."

"అక్కడ ఎవరికి చెప్పాలి?"

"చెప్పడానికి ఎవరూ లేరు. ధ్రువాల మీద రంగుల వెలుగులు రేగుతాయి, మామూలుకంటే బాగా. ఎప్పటినుంచి మొదలవుతాయో రాసిస్తాను, పెద్ద దుర్భిణి వాళ్ళని అటు తిప్పమనండి" అంది. బావ తను కూర్చున్న స్టూలు ఖాళీ చేసి, కూర్చుని రాయమని ఆమె ముందుకు జరిపాడు.