టెలిస్కోపు పలకని పూట

అతను గ్రౌండ్ స్టేషన్‌లో ఆపరేటరు. అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు తను చూసినదంతా అంకెలుగా మార్చి దాచుకుంటుంది. అది కొండ మీదుగా పైకి రాగానే స్టేషన్ ఆవరణలోని పెద్ద డిష్ దానివైపు తిరిగి, ఆ అంకెలను అందుకుంటుంది. డిష్‌ను తిప్పేది కంప్యూటరు. అతను చేసేది కుర్చీలో కూర్చుని చూడటం. ఇంట్లో మాత్రం "నేను పిలిస్తేనే అది పలుకుతుంది" అని కోతలు కోసేవాడు.

ఆ కోతలు వినీ వినీ విసిగిపోయిన అక్క, సందర్శకులను రానిచ్చే రోజు చూసుకుని వచ్చింది.

"ఏదీ, పిలువు. వింటాను," అంది.

దానికింకా టైముందని, ముందు డిష్ మెట్ల మీద తనకో ఫోటో తియ్యమన్నాడు. ఎవరైనా మెట్లెక్కేటప్పుడు డిష్ కదలకుండా మోటార్ల తాళం తిప్పి, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకోవాలి. నిబంధనల విషయంలో మహా ఖచ్చితమైన మనిషి కాబట్టి తాళం తిప్పి, చెవి జేబులో వేసుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఒక్క ఫోటోతో తృప్తి పడలేదు కూడా.

లోపలికొచ్చి కూర్చున్నాడు. టెలిస్కోపు పైకి వచ్చే వేళయింది. తెర మీద గీత చదునుగా పడుకునే ఉంది.

"పలకట్లేదేంట్రా?"

"ఎంత దూరం నుంచి రావాలి అక్కా. మబ్బులు కూడా ఉన్నాయి కదా."

అక్క కిటికీలోంచి నీలాకాశం చూసింది. అతను టెలిస్కోపును నడిపే కంట్రోల్ సెంటరుకు ఫోన్ చేసి, కాస్త దర్పంగా, "మీ టెలిస్కోపుకి ఏదో అయినట్టుంది, చూసుకోండి," అన్నాడు.

"ఇందాక పక్క స్టేషన్‌కి బాగానే పలికిందండీ," అంది అవతలి ఇంజినీరు. "మీ డిష్ ఎటు చూస్తోంది?"

డిష్ నిట్టనిలువుగా ఆకాశంలోకి చూస్తూ కదలకుండా ఉంది. 'మోటార్లు ఆగాయి' అని చెప్పే ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దాని ముందు అక్క చేతిసంచీని మర్యాదగా పెట్టి, అది కనబడకుండా చేసిందీ తనే. చెయ్యి దానంతటదే జేబులోని తాళంచెవి మీదికి వెళ్లింది.

పరుగెత్తాడు. తాళం తిప్పి, రొప్పుతూ తిరిగొచ్చేసరికి డిష్ టెలిస్కోపు వైపు వాలింది, గీత లేచింది, అంకెలు వరస కట్టాయి.

"సగమే వచ్చేలా ఉంది," అంది ఫోన్లో ఇంజినీరు. "ఫరవాలేదు, అందిందని మనం చెప్పేదాకా టెలిస్కోపు తన దగ్గరి కాపీ చెరపదు. మిగతాది అది మళ్లీ మీ మీదుగా వచ్చినప్పుడు అడుగుదాం. ఆలస్యానికి కారణం ఏమని రాయను?"

సాంకేతిక లోపం అనబోయాడు. అక్క పక్కనే ఉంది.

"ఫోటో అండీ."

"టెలిస్కోపు తీసిన ఫోటోనా?"

"కాదండీ. నేను దిగింది."

అవతలి నుంచి ఆపుకోలేని నవ్వు. అతనికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అక్క నవ్వలేదు, అంకెలనే చూస్తోంది.

"ఇందులో నక్షత్రాలేవిరా?"

"ఇవే. వీటితో బొమ్మలు చేసేవాళ్లు వేరే ఉంటారు."

"వాళ్ల దాకా చేరాలంటే ఇవి ముందు ఇక్కడ దిగాలన్నమాట."

"అంతే అక్కా."

"అయితే కదలకుండా కూర్చో," అని, తనూ ఒక కుర్చీ లాక్కుంది.