తాబేళ్ల గది పైకప్పు

బిబిజమాల్ ఆరో తొట్టిలోని తాబేలును వెల్లకిలా తిప్పి, పొట్టను తడిగుడ్డతో తుడుస్తోంది. నూకుస్ పట్టణంలోని ఆ చిన్న జంతుశాలలో ఇరవై రెండేళ్లుగా ఆమెది ఇదే పని. చేతివేళ్లు పగిలిపోయాయి, నడుము కొంచెం ఎడమకు ఒరిగింది.

కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు సావ్లే తాబేలు డొప్పను బొటనవేలితో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది.

“అక్కా, పైన ఈ ప్లాస్టిక్ రేకులు ఎవరు వేయించారు?”

“నేనే. పదకొండేళ్లయింది. ఎండిపోయిన సముద్రం మీంచి గాలికి ఉప్పుదుమ్ము పడుతోందని ముందున్న వల తీయించేశా. ఏం, వెలుతురు బాగానే వస్తోందిగా?”

“మన కళ్లకు బాగానే ఉంటుంది. వీటి కళ్లకు మనకు లేని రంగొకటి తెలుస్తుందక్కా, అతినీలలోహితం. ఆ కాంతిని ఈ రేకులు ఆపేస్తాయి. ఆకులూ పువ్వులూ వీటికి వెలిసిపోయినట్టుంటాయి, ఇక తిండేం పోల్చుకుంటాయి? డొప్పలు మెత్తబడిందీ అసలైన ఎండ తగలకే.”

బిబిజమాల్ తాబేలును తిరగేసి తొట్టిలో పెట్టింది.

రేకులు వేసిన ఏడాదే పంతొమ్మిది తాబేళ్లు చచ్చిపోయాయి. వాటికి మేత వేసే పెద్దాయన, అందరూ ఆగా అని పిలిచే ఒరిన్‌బై, వాడిపోయిన గడ్డి పెట్టినందుకే చచ్చాయని ఆమే ఫిర్యాదు కాగితం మీద సంతకం చేసింది. ఆమెకు పని నేర్పిందే ఆయన. “వీటికి ఎండ కావాలమ్మాయ్,” అన్నాడాయన. “గది నిండా ఎండే కదా ఆగా, చూపు కూడా పోయిందా?” అని అందరి ముందూ నవ్వింది. ఆయన ఉద్యోగం పోయింది. ఆ తరవాత బజారులో ఆయన కనిపిస్తే పుచ్చకాయల దుకాణాల వెనక్కి తప్పుకునేది.

ఇప్పుడు నిచ్చెన వేసుకుని బిబిజమాల్ రేకులన్నీ తనే ఊడదీసింది. మధ్యాహ్నానికి ఒరిన్‌బై ఇంటికి వెళ్లింది. కోడలు పిండి పిసుకుతోంది.

“ఆగా ఉన్నారా?”

“బిబిజమాలక్కా? మామయ్య పోయిన గురువారం పోయారు. రేపు ఏడో రోజు, ప్రార్థనకు అందరూ వస్తారు. కూర్చోండి... గడ్డి కోయడంలో మీ అంత శుభ్రమైన చెయ్యి ఇంకెవరిదీ కాదనేవారు.”

బిబిజమాల్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. “తప్పు ఆయనది కాదు తల్లీ. నాది. తాబేళ్లు చచ్చింది నావల్ల.”

కోడలు చేతులకంటిన పిండి దులుపుకుంటూ అంది: “ఆ మాట రేపు అందరూ వచ్చినప్పుడు చెప్పండి.”

“చెప్తాను.”

గుమ్మం పక్కన మేకుకు ఒరిన్‌బై కొడవలి వేలాడుతోంది, దాని అంచు మీద గడ్డి మరక ఇంకా పచ్చగానే ఉంది.