దేవుడికి మొదటి కాపీ

తిరువూరు బస్టాండు వెనక సందులో ఉన్న బసవపున్నయ్య ప్రెస్సులో పెళ్ళి శుభలేఖలూ, ఎరువుల కొట్ల బిల్లు పుస్తకాలూ తప్ప పెద్ద పని ఎన్నడూ పడలేదు. అలాంటిది డెబ్బై మూడులో చుట్టుపక్కల హైస్కూళ్ళన్నీ కలిసి అర్ధసంవత్సర పరీక్షల ప్రశ్నపత్రాలు అతనికి అప్పగించాయి. కిందటేడు వేరే ఊళ్ళో అచ్చేయిస్తే లెక్కల పేపరు ముందే పిల్లల జేబుల్లోకి చేరిందట. ఈసారి ఒక్క ప్రశ్న పొక్కినా పని వెనక్కి తీసుకుంటామని హెడ్మాస్టర్లు మరీ మరీ చెప్పారు. పేపరు పొక్కించాడన్న పేరొకసారి పడ్డాక శుభలేఖ ఇవ్వడానికైనా ఎవరు గడప తొక్కుతారు?

అందుకని అతను తన ఇద్దరు పనివాళ్ళనీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. అక్షరాలు కూర్చే మరియదాసు ఒకడు, కాగితాలు మడిచి కట్టలు కట్టే రిబ్కా ఒకతె. చెడిన కాగితం పొయ్యిలోకే పోవాలి, పొట్లాల కొట్టుకి కాదు. అచ్చు కాగానే అక్షరాలు విడదీసి గళ్ళలో సర్దెయ్యాలి. పేపరు సంగతి ఇంట్లో కూడా ఎత్తకూడదు.

"మరి మా ఆయనతో ఏం మాట్లాడాలండీ?" అంది రిబ్కా.

"కూరలో ఉప్పు గురించి మాట్లాడు."

చెబితే సరిపోదని ఒక పరీక్ష కూడా పెట్టాడు. పాత పేపరొకటి కూర్పించి, ఇదే అసలుదని నమ్మించాడు. తను అవతల గదిలో నక్కి, విస్సన్నపేటలో ఉండే తన దూరపు చుట్టం అంకారావుని లోపలికి పంపాడు. తెల్లపంచె, కళ్ళజోడు, చంకలో ఫైలు. "హెడ్మాస్టరుగారు పంపారు. ఒక కాపీ కావాలి" అన్నాడు అంకారావు. మరియదాసు లేచి కుర్చీ దులిపి, టీ తెప్పించి, కాపీ చేతిలో పెట్టి, పైగా దణ్ణం పెట్టాడు.

బసవపున్నయ్య బయటికొచ్చాడు. "కళ్ళజోడు చూసి ఇచ్చేశావా?"

"ఫైలు కూడా ఉందండి" అన్నాడు మరియదాసు దిగాలుగా.

రిబ్కా పడీపడీ నవ్వింది.

"నువ్వు నవ్వావు కాబట్టి గుమ్మం కాపలా నీది. సీలు వెయ్యని కాగితం గడప దాటకూడదు. అడిగింది ఎవరైనా సరే, నేనైనా సరే."

ఆ తరవాత అసలు పేపర్లు వచ్చాయి. లెక్కల పేపరు మొదటి కాగితం మిషన్లోంచి ముత్యాల్లాంటి అక్షరాలతో బయటపడింది. బసవపున్నయ్య చేతులు అలవాటు చొప్పున కదిలాయి. ఏ పని అచ్చేసినా మొదటి కాపీకి నాలుగు మూలలా పసుపు రాసి రామాలయంలో స్వామి పాదాల దగ్గర పెట్టడం తండ్రి నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆ కాగితాన్నీ కొబ్బరికాయతో పాటు పళ్ళెంలో పెట్టుకుని బయల్దేరాడు.

గుమ్మంలో రిబ్కా అడ్డంగా నిలబడింది.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి అయ్యగారూ."

"ఇది దేవుడికమ్మా."

"సీలు లేదు కదండీ."

"రాములవారికి సీలేంటి? ఆయనేమన్నా పరీక్ష రాస్తాడా?"

"ఆయన రాయరు. పూజారిగారి మనవరాలు రాస్తుంది. పదో తరగతి."

లోపల్నుంచి మరియదాసు అందుకున్నాడు. "పూజారి హనుమయ్యగారు శుభలేఖల్నే బంధుమిత్రుల పేర్ల దాకా స్వామికి పైకి చదివి వినిపిస్తారు కదండీ."

బసవపున్నయ్యకి చురుక్కుమంది. దేవుడి దగ్గరికి వెళ్ళేవాణ్ణి ఆపడమా? కసురుదామని నోరు తెరిచి, ఆమె గుమ్మాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకోవడం చూశాడు. పని పోతుందని భయం. అయినా పక్కకి జరగలేదు. ఇంతలో గుళ్ళో హనుమయ్య, ప్రదక్షిణలు చేసే పిల్లల తల్లిదండ్రుల మధ్య, వృత్త వైశాల్యం ఎంతో కనుక్కోమని రాగం తీస్తున్నట్టు కళ్ళకి కట్టింది. నవ్వాపుకోలేకపోయాడు.

"తీసుకో తల్లీ" అని ఆ కాగితం రిబ్కా చేతిలో పెట్టి, ఒక తెల్లకాగితం తీసి దాని మూలలకి పసుపు రాశాడు.

గుళ్ళో హనుమయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంటి బసవపున్నయ్యా, అచ్చు పడలేదే?"

"పడిందండి. ఆయనకి తెలుసు."

వస్తూ ఆలోచించాడు. అన్నీ తెలిసిన స్వామికి ఇన్నాళ్ళూ చదివి వినిపించింది ఎవరి కోసమో? మనసు మాత్రం తేలిగ్గా ఉంది.

పరీక్షలు ఏ గొడవా లేకుండా గడిచాయి. హెడ్మాస్టర్లు వార్షిక పరీక్షల పని కూడా అతనికే ఇచ్చారు. అవి అచ్చేసిన రోజూ పళ్ళెంలో తెల్లకాగితమే పెట్టుకుని గుడికి బయల్దేరాడు. రిబ్కా ఆ కాగితాన్ని వెలుగుకి ఎత్తి, రెండు వైపులా చూసి, అప్పుడు పక్కకి జరిగింది.