సోమవారం అన్నం

నా భార్య కళావతి ఒక మాట పట్టుకుందంటే ఇక వదలదు. సిరిసిల్లలో సాంచాల మీద, ఆ మరమగ్గాల మోతలో, బట్ట నేసి నేసి నా చెవులు సగం పోయాయి. అయినా ఆమె మాట మాత్రం గోడ అవతలి నుంచి కూడా వినిపిస్తుంది. మా కొడుకు రవీందర్‌కు కోరుట్ల నుంచి తన అన్న బిడ్డ సౌమ్యనే తేవాలని పట్టుబట్టి పెళ్లి చేసింది. వాళ్లిద్దరూ బాగానే ఉన్నారు. వాళ్ల బిడ్డ వందన అంటే నాకు ప్రాణం.

పదో తరగతికి వచ్చాక ఆ పిల్ల నీరసపడిపోయింది. మెట్లెక్కితే కాళ్లు పట్టేసేవి, జడ వేసుకుంటుంటే చేతులు దిగిపోయేవి. బద్ధకమన్నారు, రక్తం లేదన్నారు, దిష్టి కూడా తీశారు. చివరికి జగిత్యాలలో ఒక డాక్టరమ్మ రక్తం హైదరాబాదుకు పంపి జీన్ పరీక్ష చేయించింది. ఈటీఎఫ్‌డీహెచ్ అనే జీన్‌లో లోపమట. ఆ పేరు పలకడానికి నాకున్న పళ్లు చాల్లేదు. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. మన ఒంట్లో కణాలకు శక్తిని తయారుచేసేవి మైటోకాండ్రియా. అక్కడ కొవ్వును శక్తిగా మార్చే పనికి ఈ జీన్ కావాలి. అది సరిగా లేకపోతే, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కండరాలకు బలం అందదు. బి2 విటమిన్ మాత్రలు రోజూ వేసుకోవాలి, వేళకు తినాలి. పస్తుంటే ప్రాణం మీదికొస్తుంది.

లోపం తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిందని కూడా చెప్పింది. కళావతి మనసులో ఇక ఆ మాటే నిలిచిపోయింది. వాళ్లను కలిపింది తానే కదా అని బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడే వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. పిల్ల బాగయ్యేదాకా ప్రతి సోమవారం ఒక్కపొద్దు ఉంటుంది, చీకటి పడ్డాకే అన్నం ముట్టుకుంటుంది. నేను కసురుకున్నాను. వింటేనా!

మాత్రలు పనిచేశాయి. వందన మళ్లీ సైకిలెక్కి బడికి పోయింది. కానీ వారం తిరిగేసరికి మళ్లీ కూలబడేది. ఒక మంగళవారమైతే వాంతులతో మంచం దిగలేకపోయింది. జగిత్యాల తీసుకుపోతే గ్లూకోజు ఎక్కించారు. నాకు ఒళ్లు మండిపోయింది. నకిలీ మాత్రలు రాశావని డాక్టరమ్మ మీదికి పోయాను. ఆమె నన్ను లెక్కచేయలేదు. నిన్న ఏం తిన్నావమ్మా అని పిల్లను అడిగింది. మా ఇంట్లో తిండికి కొదవనుకున్నావా అని నేను మళ్లీ లేచాను. వందన తల దించుకుంది. పొద్దున టిఫిన్ కుక్కకు వేసిందట, మధ్యాహ్నం డబ్బా దోస్తుకు ఇచ్చిందట. సోమవారం వస్తే ఇదే పనట.

“నాయినమ్మ నాకోసం పస్తుంటె నాకు ముద్దెట్ల దిగుతది తాతా?” అన్నది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పిల్ల తల నిమురుతూ నిలబడ్డాను. వెనకాలే ఉన్న కళావతి కూడా ఆ మాట విన్నది.

ఆ వారమంతా ఆమెను రెండు భయాలు పీడించాయి. మొక్కు తప్పితే పిల్లకేమవుతుందోనని ఒక భయం, తప్పకపోతే పిల్ల మళ్లీ తినదేమోనని ఇంకో భయం. ఈసారి నేను ఆమెను కసరలేదు.

సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చి రెండు పళ్లేల్లో అన్నం పెట్టింది. ఒకటి వందన ముందుకు జరిపింది, ఒకటి తన ముందు పెట్టుకుంది. పిల్ల ముట్టుకోలేదు. కళావతి వేములవాడ దిక్కు తిరిగి చేతులు జోడించింది.

“రాజన్నా, నీ దినంనాడు తింటున్న. కోపమొస్తె నామీద పడు, నా మనవరాలి దిక్కు చూడకు.”

ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. వందన కళ్లార్పకుండా ఆమె గొంతు దగ్గరే చూసింది, మింగుతోందో లేదోనని. మింగింది. ఇంకో ముద్దా మింగింది. అప్పుడు వందన తన పళ్లెం దగ్గరికి లాక్కుంది.