పొయ్యికి సెలవు

జొన్నపిండిలో వేణ్ణీళ్ళు పోసి కలుపుతూ సైదున్నీసా గోడ అవతల గిలక చప్పుడు విన్నది. విని తల దించుకుంది. పక్కింటి ప్రమీలమ్మకు నిన్నటి నుంచి జ్వరం. మునుపైతే ఈపాటికి వసారా మూల చాపేసుకొని, ఎవరో పెట్టిన కూడు తిని, వెన్ను నేలకానించి ఉండేది. ఇప్పుడు బిందె మీద బిందె చేదుతోంది. ఆ పిల్లకు ఆ చాప లేకుండా చేసింది ఎవరు? అత్తా? మొగుడా? వాళ్ళూ చేశారు, కాదనలేం. ముందు చేసింది మాత్రం తన నోరే.

సైదున్నీసా మొగుడు హుమాయున్ సాహెబు ప్రొద్దుటూరు హైస్కూల్లో చరిత్ర అయ్యవారు. ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలీదు గానీ, వెయ్యేళ్ళ కిందట ఒక ముస్లిం పండితుడు ఈ దేశానికొచ్చి ఏమేం తెలుసుకున్నాడో మాత్రం పూస గుచ్చినట్టు చెప్తాడు. ఆ పండితుడు సంస్కృతం నేర్చాడట. హిందువుల దేవుళ్ళనూ, ఉపవాసాలనూ, పంచాంగాన్నీ అడిగి అడిగి రాసుకున్నాడట. "మనవాళ్ళకు ఆయన బుద్ధి రావాల సైదా" అంటాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు, లైబ్రరీ వాళ్ళు ఆ పండితుని మీద హుమాయున్ సాహెబు చేత ప్రసంగం పెట్టించారు.

"ఆయనకు వంట ఎవురు చేసిపెట్టినారు?" అని సైదున్నీసా ఒకసారి అడిగింది.

"అదేం ప్రశ్నే!" అని నవ్వి, ఆ వెంటనే ఆమె గుండె కరిగే మాటన్నాడు. "అంత పండితునికి గూడా హిందువుల వంటింట్లోకి దారి దొరికుండదు. నాకు నువ్వుండావు."

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నోట 'నువ్వుండావు' అనే మాట అదే మొదలు. కూరలో కారం తక్కువైంది, చొక్కాకు గుండీ ఊడింది, మా అమ్మ మాదిరి ఎవురు చేస్తారు, ఇవే విన్న చెవులు. ఇంక ఆగుతుందా? నోములు, ముగ్గులు, మడి, ప్రమీలమ్మ గోడ మీద నుంచి చెప్పినవన్నీ ఆయన ముందు కుమ్మరించింది. ఆయన రాసుకుంటూ "ఇంకా?" అన్నాడు. ఆ 'ఇంకా' కోసం, సిగ్గులేనిది, చెప్పకూడనిదీ చెప్పింది.

ప్రమీలమ్మ ఆ సంగతి చెప్పిన రోజు ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వారు. "ఒళ్ళు హూనమైతే నడిమధ్యలో ఇంగోసారి బయట చేరినానని చెప్తానక్కా. మా అత్త ఆమడ దూరం పోతాది. మూడు దినాలు పొయ్యి ముట్టను, బాయి ముట్టను. హాయిగా నిద్దరపోతా."

"నీది రాజభోగం పో! మాకా దినాల్లో నమాజుకే సెలవు, పొయ్యికి లేదు" అంది తను.

హుమాయున్ సాహెబు ఆ మాటలన్నీ సభలో చెప్పాడు. పేరు చెప్పలేదు. "మా పక్కింటనే ఒక ఇల్లాలు" అన్నాడు. జనం పగలబడి నవ్వారట. ప్రమీలమ్మ మొగుడు ముందు వరసలోనే కూర్చోనున్నాడు. అతను మాత్రం నవ్వలేదట. ఆ రోజు నుంచి ప్రమీలమ్మ బయట చేరినానంటే చాలు, అత్త "యాడ, గుడ్డ చూపీ" అంటోంది. ఆ మాట గోడ దాటి వినబడిన ప్రతిసారీ సైదున్నీసాకు నేలలోకి కుంగిపోదామనిపిస్తుంది.

"అది కల్పించి చెప్పినానని ప్రమీల మొగునితో ఒక మాటనండి" అని మొగుణ్ణి బతిమాలింది.

"అబద్ధం చెప్పమంటావా? పండితుడనేవాడు ఉన్నదున్నట్టు చెప్పాల. ఒకరు నొచ్చుకుంటారని దాచకూడదు."

ఇప్పుడు సైదున్నీసా పిండి చేతులతోనే లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. "ప్రమీలా, నేనే చెప్పినా."

గిలక ఆగింది. "తెలుసక్కా. నీకు తప్ప ఎవురికి చెప్పినా నేను?" ప్రమీలమ్మ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "నా చాపొకటి పోయింది, అంతే" అని మళ్ళీ చేద వదిలింది.

సైదున్నీసా కళ్ళు తుడుచుకుంటే మొహమంతా పిండి అయింది. ఇంట్లోకి వచ్చేసరికి హుమాయున్ సాహెబు కలం పట్టుకొని కాచుకొని ఉన్నాడు. "జమ్మలమడుగోళ్ళు పిలిచినారు, పులివెందులోళ్ళు గూడా రమ్మంటాండారు. ఆ పక్కింటి సంగతి అందరికీ నచ్చింది. అట్లాంటిది ఇంకోటి చెప్పు."

"పక్కింటిది ఇంగ నా నోట రాదు. సాయిబులింటిది చెప్తా, రాసుకోండి."

"చెప్పు చెప్పు."

"ఉన్నదున్నట్టు రాయాల."

"రాస్తాలే."

"సాయిబుల ఆడది గూడా ఒళ్ళు హూనమైతే మూడు దినాలు బయట కూర్చుంటాది. పొయ్యి ముట్టదు."

ఆయన తలెత్తాడు. "మనలో ఆ ఆచారం లేదే! యాడ చూసినావు? ఎవురింట్లో?"

సైదున్నీసా మూలనున్న చాప తీసి చంకన పెట్టుకుంది. పెరట్లోకి పోయి, గిలక చప్పుడు వినబడే చోట గోడ పక్కన పరిచి, అక్కడి నుంచే చెప్పింది.

"ఈ ఇంట్లో. ఈ పొద్దు నుంచి. పిండి కలిపిపెట్టినా, రొట్టెలు మీరు కాల్చుకోండి."